ఒక్క కాలు ఆనితే చాలు

ఈ ఏడాది సావనీరుకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. పూర్వ విద్యార్థి అన్నాక తర్వాతి తరానికి ఏదో ఒక సందేశం ఇవ్వడం ఆనవాయితీ. కాని సందేశాలిచ్చేటంత పెద్దవాణ్ణి కాను నేను. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు, కొలిచి చెబుతున్న మాట. చెప్పులు విడిచి గోడకు ఆనుకొని నిలబడితే నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. అందుచేత నాకు అనుభవపూర్వకంగా తెలిసిన ఒక్క విషయం గురించే రాస్తాను. కాళ్లు నేలకు సరిగా అందనివాళ్లు మోటారు సైకిలు నడపడం ఎట్లా?

ఇదీ ఒక విషయమేనా అని నవ్వకండి. మేము చదివే రోజుల్లో మన కళాశాల సైకిల్ షెడ్డులో సైకిళ్లే ఉండేవి. ఇప్పుడు అదే షెడ్డులో సైకిలు కోసం వెతుక్కోవాలి. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు బండి షోకు కాదు. సాయంత్రం ప్రాక్టికల్సు ముగిసేసరికి ఊరికి పోయే బస్సు వెళ్లిపోతుంది. బండి నడపగలిగితే చదువు సాగుతుంది, లేకుంటే ఏదో ఒక సాకుతో ఆగుతుంది. అట్లాంటి ఇంట్లో "నీకు కాళ్లందవు" అనే ఒక్క మాట ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. ఆ సంగతి చివర చెబుతాను.

మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు ఐదడుగులకు కొంచెం అటూ ఇటూ. పురుషులది ఐదడుగుల నాలుగైదు అంగుళాలు. అంటే ఇది నా ఒక్కడి బాధ కాదన్నమాట. ఈ వ్యాసం చదువుతున్నవారిలో చాలామంది నా కోవలోనివారే. కాకపోతే నేను ఒప్పుకుంటున్నాను, వారు మడమలెత్తి నిలబడుతున్నారు.

మామ బుల్లెట్టు

మాది ఎడపల్లి. నిజామాబాదు నుంచి బోధన్ వెళ్లే దారిలో జానకంపేట దాటిన తర్వాత వస్తుంది. ఆ రోజుల్లో మా వైపు ఎటు చూసినా చెరకే. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ మా ప్రాంతానికంతా అన్నం పెట్టేది. చెరకు ఆడే కాలం వచ్చిందంటే రోడ్డు పొడుగునా ఎద్దుల బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరేవి. మైలు దూరం నుంచే మడ్డి వాసన వచ్చేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ బండ్ల బారులు ఇప్పుడు మా జ్ఞాపకాల్లోనే ఉన్నాయి.

1985 సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి వచ్చాను. బోధన్‌లో ఉండే మా మామ తన బుల్లెట్టు మీద మా ఇంటికి వచ్చి, భోజనం చేసి నిద్రపోయాడు. ఫ్యాక్టరీ దగ్గర చెరకు బండితో ఉన్న బాపుకు ఒక కాగితం అందించాల్సి వచ్చింది. నేను బుల్లెట్టు తాళం తీసుకున్నాను. మా అమ్మ అడ్డం వచ్చింది. "వద్దు బిడ్డా, గది నీకంటే ఎత్తున్నది" అంది. ఇరవై ఏళ్ల వయసులో ఆ మాట అంటే ఇక ఆగేదెవరు?

పోవడం బాగానే పోయాను. ఊరు దాటి నాలుగు మైళ్లు వెళ్లేసరికి ముందు చెరకు బండ్ల వరుస ఆగి ఉంది. నేనూ ఆపాను. సైకిలు అలవాటు కొద్దీ ఎడమ కాలు కింద పెట్టబోయాను. కాలు కిందికి పోతూనే ఉంది, నేల తగలడం లేదు. తారు అంచు దాటి మొరం దిగుడులోకి పోయింది కాలు. బుల్లెట్టు నెమ్మదిగా, పెద్దమనిషి పక్కకు ఒరిగినట్టు ఒరిగి, నన్నూ తీసుకొని పక్కనున్న బోదెలో పడింది.

దెబ్బ పెద్దగా తగల్లేదు. ఇద్దరు బండివాళ్లు దిగి వచ్చి బుల్లెట్టును లేపారు. వారిలో ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, నవ్వకుండా అన్నాడు: "బిడ్డా, ఎడ్లను ఆపేటప్పుడు నేను ముందుగాల జాగ చూస్కోని ఆపుత. నువ్వు బండి ఆగినంక జాగ చూస్తున్నవ్."

ఆ తర్వాత ఈ విషయం మీద నేను ఎన్నో చదివాను, ఎందరినో అడిగాను. ఆ పెద్దాయన చెప్పినదాన్ని మించిన ముక్క నాకు దొరకలేదు. ఈ వ్యాసం అంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

కాళ్లు నిలబెట్టేది ఎప్పుడు?

బండి పరుగెత్తుతున్నంతసేపు దాన్ని నిలబెట్టేది మన కాళ్లు కావు. బండి ఎటు ఒరిగితే అటు ముందు చక్రం కాస్త తిరుగుతుంది. తిరగగానే చక్రాలు మళ్లీ బరువు కిందికి వచ్చి చేరతాయి. అరచేతిలో కర్ర నిలబెట్టే పిల్లవాడు కర్ర ఎటు వాలితే అటు చెయ్యి జరుపుతాడు కదా, అదే ఇది. చక్రాలు బొంగరాల్లా తిరగడం వల్లనే బండి పడదని మా రోజుల్లో చెప్పుకునేవాళ్లం. అది కొంతవరకే నిజం. 2011లో నెదర్లాండ్సు, అమెరికా పరిశోధకులు కలిసి బొంగరపు ప్రభావం లేకుండా చేసిన ఒక చిన్న సైకిలును తయారుచేశారు. అది కూడా మనిషి లేకుండా తనంతట తాను నిలదొక్కుకొని పరుగెత్తింది. పడబోయే వైపుకే చక్రం తిరగడంలో ఉంది కిటుకంతా.

కనుక గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆరడుగులవాడికి, నాకూ తేడా లేదు. పరుగులో అందరమూ ఒకే ఎత్తు. ఆగినప్పుడే పొట్టి, పొడుగు బయటపడతాయి.

ఆగిన బండిని నిలబెట్టడానికి ఎంత బలం కావాలి? సైన్సు విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చు. బండి బరువును అది ఒరిగిన కోణపు సైనుతో హెచ్చవేస్తే, గరిమనాభి ఎత్తున పట్టి ఆపడానికి కావలసిన బలం వస్తుంది. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. అది 5 డిగ్రీలు ఒరిగితే 17 కిలోల బలంతో ఆపవచ్చు. 10 డిగ్రీలకు 34 కిలోలు, 20 డిగ్రీలకు 67 కిలోలు, 30 డిగ్రీలకు 97 కిలోలు కావాలి. అదే 112 కిలోల స్ప్లెండరైతే 5 డిగ్రీలకు 10 కిలోలు, 20 డిగ్రీలకు 38 కిలోలు సరిపోతాయి. దీని మీద మన బరువు అదనం.

ఈ అంకెల్లో రెండు నీతులున్నాయి. మొదటిది, బండిని నిలువుగా ఉంచినవాడికి బలం అక్కర లేదు. పొడుగువాడు ఇరవై డిగ్రీలు ఒరగనిచ్చి కూడా తొడ బలంతో లాగేసుకుంటాడు. మనకు ఆ అవకాశం లేదు, మన ఆట ఐదు డిగ్రీల లోపలే. రెండవది, కొత్తగా నేర్చుకునే పొట్టివాడికి సీటు ఎత్తు కంటే బండి బరువు పెద్ద శత్రువు.

దర్జీ కొలత

బండి కొనేముందు అందరూ తమ ఎత్తు చెప్పి "నాకు ఏ బండి సరిపోతుంది?" అని అడుగుతారు. అడగవలసిన కొలత అది కాదు. ప్యాంటు కుట్టే దర్జీ తీసే కాలి లోపలి కొలత కావాలి. ఒకే ఎత్తున్న ఇద్దరికి ఈ కొలతలో రెండంగుళాల తేడా ఉండవచ్చు. గోడకు ఆనుకొని నిలబడి, ఒక లావు పుస్తకాన్ని కాళ్ల మధ్య పైదాకా నిలువుగా అదిమి పట్టి, దాని పై అంచు నుంచి నేలకు కొలిస్తే చాలు. నా కొలత 710 మిల్లీమీటర్లు.

ఇప్పుడు బండ్ల సంగతి. స్ప్లెండరు సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 805. అవెంజర్ 220ది 737 మాత్రమే. కొండలెక్కడానికని తయారైన కెటిఎం 390 అడ్వెంచర్ మొదటి తరం బండిది 855. యాక్టివా స్కూటరుది సుమారు 765.

నా 710 పక్కన స్ప్లెండరు 785 పెట్టి చూస్తే 75 మిల్లీమీటర్లు లోటు. ఇక్కడే చాలామంది ఆశ వదులుకుంటారు. కాని లెక్క ఇంకా పూర్తి కాలేదు. మనిషి కూర్చుంటే షాకబ్జర్లు అణిగి సీటు రెండు సెంటీమీటర్లు దిగుతుంది. దిట్టమైన అడుగున్న బూటు మరో రెండున్నర ఇస్తుంది. మడమ ఎత్తితే ఇంకో ఏడెనిమిది సెంటీమీటర్లు వస్తాయి. సీటు వెడల్పు వల్ల కాళ్లు ఎడమై కొంత నష్టపోతాం. కూడికలు, తీసివేతలు అయిన తర్వాత రెండు కాళ్ల మునివేళ్లు నేలకు తగులుతాయి. అది చాలు. సీటు వెడల్పు మాట ఎందుకన్నానంటే, ఎత్తు తక్కువని చెప్పే స్కూటర్ల మీద కూడా కాళ్లు అందక ఇబ్బంది పడేవారున్నారు. సీటు వెడల్పుగా ఉండి తొడలను పక్కకు నెట్టేస్తుంది. కొలత కాగితం మీద చూసినా, దుకాణంలో ఎక్కి కూర్చొని చూడకుండా కొనవద్దు.

మా తరం వారికి గుర్తుండే ఉంటుంది. 1973లో "బాబీ" సినిమా వచ్చాక ఆ పేరుతోనే పిలవబడిన రాజ్‌దూత్ చిన్న బండి ఒకటుండేది. చిన్న చక్రాలు, పొట్టి రూపం. దాన్ని చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం నా కొలతలు తీసుకొని చేసినట్టనిపించేది. 1980లో వచ్చిన టివిఎస్ 50 పల్లెల్లో పాలవాళ్లకు, టీచర్లకు ఎంత పని చేసిందో వేరే చెప్పక్కర లేదు. కాళ్లందే బండి దొరికితే నడిపే జనం ఎప్పుడూ ఉన్నారు.

ఆపే విద్య

రెండు కాళ్లూ నేలకు ఆనాలనేది అపోహ. ఒక్క కాలు ఆనితే చాలు. అయితే ఆ ఒక్కటీ గట్టిగా ఆనాలి, మంచి చోట ఆనాలి.

రెండు మునివేళ్ల మీద నిలబడిన మనిషి గాలి తోసినా ఊగుతాడు. ఒక్క పాదం పూర్తిగా ఆనినవాడు ఊగడు. ఇందుకు బండిని బాగా వంచాలేమో అనుకుంటారు. అవసరం లేదు. 5 డిగ్రీలు వంచితే సీటు అంచు దిగేది ఒక సెంటీమీటరే. అసలు లాభం నడుము జరపడంలో ఉంది. ఆగబోయే క్షణంలో నడుమును సీటు మీద ఎడమ వైపుకు నాలుగంగుళాలు జరపండి. తొడ కింద అడ్డంగా ఉన్న సీటు తప్పుకొని కాలు నిలువుగా దిగుతుంది. బండి మాత్రం నిటారుగానే ఉంటుంది. కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంటుంది.

వరుస ఇది. ఆగవలసిన చోటును ఇరవై గజాల ముందే చూసుకోవాలి. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కుతూ గేర్లు తగ్గించుకొని రావాలి. ఆఖరి రెండు గజాల్లో ముందు బ్రేకు వదిలేస్తూ వెనక బ్రేకుతో ఆపాలి. హ్యాండిలు తిన్నగా ఉండాలి, చూపు ముందు ఉండాలి. నడుము ఎడమకు జరగాలి. చక్రం ఆగిన తర్వాత కాలు ఆనాలి, అంతకు ముందు కాదు. హ్యాండిలు తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టడం మనలాంటివాళ్లకు మహాపాపం. నిలిచే ముందు పడిపోయే బండ్లలో ఎక్కువ భాగం ఇట్లాగే పడతాయి.

నా బోదె స్నానానికి కారణం నాకు తర్వాత బోధపడింది. ఆనాటి బుల్లెట్లకు గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండేవి. నేను ఎడమ కాలు కింద పెట్టడంతో వెనక బ్రేకు వదిలేసినట్టయింది. కుడి కాలు పెట్టి ఉంటే బ్రేకూ దక్కేది, నేలా దక్కేది. నేల ఎట్లా దక్కేదంటారా?

మన రోడ్లు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటాయి, వాన నీరు పోవడానికి. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి మన ఎడమ వైపు నేల ఎప్పుడూ ఒకింత పల్లం. పొడుగువాడికి ఈ తేడా తెలియదు. మనకు ఆ అంగుళమే ప్రాణాంతకం. అంచు మీద, తారు ఎక్కడ తెగుతుందో అక్కడ, ఎన్నడూ ఆపవద్దు. ఒక గజం లోపలికి ఆపండి. తప్పనిసరై అంచునే ఆగవలసి వస్తే ముందు బ్రేకు పట్టుకొని కుడి కాలు ఆనించండి.

మా వైపు మరో గండం ఉంది. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, పక్కన రాళ్లు పెడతారు. రైతు బిడ్డను, వాళ్లను తప్పు పట్టను, ఆరబోసుకునే కల్లాలు అందరికీ లేవు. కాని వడ్ల మీద కాలు పెట్టడమంటే సైకిల్ బేరింగు గోళీల మీద కాలు పెట్టడమే. పూర్తి పాదం పెట్టినవాడు జారినా నిలుస్తాడు, మునివేళ్ల మీద ఉన్నవాడు నిలవడు. వడ్లకు ముందే ఆగాలి, లేదా దాటిపోయి ఆగాలి. మొరం, ఇసుక, చెరకు ఆకు, డీజిలు మరక అన్నిటికీ ఇదే సూత్రం.

వెనక మనిషి ఎక్కేటప్పుడు మరీ జాగ్రత్త. అమ్మలు, అక్కలు చీరతో ఎడమ పక్కకు కూర్చుంటారు, బరువంతా ఎడమకే లాగుతుంది. ముందు మీ ఎడమ పాదం గట్టిగా ఆనించి, బ్రేకులు పట్టి, "ఇగ ఎక్కు" అని చెప్పిన తర్వాతే వాళ్లు ఎక్కాలి. దిగేటప్పుడూ చెప్పే దిగాలి. చీర కొంగు, చున్నీ చక్రం వైపు వేలాడకుండా చూసుకోవాలి. హెల్మెట్టు ఇద్దరికీ ఉండాలి.

స్టాండు, కిక్కు, పడిన బండి

డబుల్ స్టాండు వేయడానికి కండ బలం కావాలనుకొని చేతులతో లాగేవారిని చూస్తే నాకు జాలి. స్టాండు ఒక మీట. రెండు కాళ్లూ నేలకు తగిలేదాకా దాన్ని నొక్కి, ఆ మీట మీద మీ బరువంతా నిలబెట్టండి. బండి తనే పైకి లేస్తుంది. చేతులు దారి చూపడానికే. వెనక చక్రం కింద అంగుళం మందం చెక్క పెడితే ఇంకా సులువు.

కిక్కు కొట్టే బండి ఐతే డబుల్ స్టాండు మీద ఉండగానే కొట్టండి. పాత బుల్లెట్టుకు ఒక మర్యాద ఉండేది. అమ్మీటరు ముల్లు చూసుకుంటూ, చిన్న మీట నొక్కి లోపలి ఒత్తిడి వదిలించి, తర్వాత ఒక్క కిక్కు. ఆ మర్యాద తెలియనివాడు ఎంత పొడుగైనా కాలు నొప్పి పుట్టేదే. తెలిసిన పొట్టివాడికి ఒక్క దెబ్బకు పలికేది.

బండి పడిపోతుందని తేలితే వదిలేయండి. ఇరవై డిగ్రీలు దాటిన తర్వాత పట్టుకోవాలని చూస్తే నడుము పడుతుంది, బండి ఎట్లాగూ పడుతుంది. పడ్డ తర్వాత మొదట ఇంజను ఆపండి, పెట్రోలు కారుతుంటే దూరం జరగండి. లేపేటప్పుడు బండికి ఎదురుగా వంగి చేతులతో లాగవద్దు. బండికి వీపు తిప్పి, సీటు అంచుకు పిరుదులు ఆనించి కూర్చున్నట్టు వంగి, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో వెనక పట్టీ పట్టుకొని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. లేపేది తొడలు, నడుము కాదు. కుడి పక్కకు పడితే సైడ్ స్టాండు ముందే తీసి ఉంచుకుంటే మేలు, అటు పడబోయినా ఆగుతుంది.

బండిని మార్చుకోవచ్చునా?

మార్చుకోవచ్చు, కాని వరుస తప్పకూడదు. చవకైనది, భద్రమైనది సీటు. సీటు కుట్టేవాడి దగ్గరకు వెళ్లి ముందు భాగంలో రెండు మూలలు సన్నగా కోయమనండి. సీటు ఎత్తు తగ్గించడం కంటే సన్నం చేయడంలోనే లాభం ఎక్కువ. స్పాంజి మొత్తం తీసేస్తే ఇరవై కిలోమీటర్లకే కూర్చోలేక లేచి నిలబడవలసి వస్తుంది. తర్వాత వెనక షాకబ్జర్ల బిగువు తగ్గించి మెత్తటి మెట్టులో పెట్టవచ్చు. కాని వెనక బరువైన మనిషి ఎక్కితే అడుగు తగలకుండా మళ్లీ బిగించుకోవాలి. క్లచ్చి, బ్రేకు మీటలను వేళ్లకు అందేటట్టు తిప్పించుకోవడం మరవద్దు. కాళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకు వేళ్లు కూడా పొట్టిగానే ఉంటాయి, ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

ఆ తర్వాతి మార్పులకు నేను వ్యతిరేకిని. వెనక ఒక్కటే దించితే బండి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది, లైటు ఆకాశం వైపు చూస్తుంది. ముందు ఒక్కటే దించితే హ్యాండిలు నిలకడ తప్పుతుంది. రెండూ దించితే మన ఊళ్ల స్పీడు బ్రేకర్లు అడుగున గీకుతాయి. సైడ్ స్టాండు పొడవై బండి మరీ నిటారుగా నిలబడి, గాలికి అవతలి పక్కకు పడుతుంది. చాసిస్ కోసి అతికించడం అపాయమే కాక, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం నేరం కూడా. లైసెన్సుకు వయసు, చూపు, ఆరోగ్యం ఉండాలని చెప్పిన ఆ చట్టం ఇంత ఎత్తు ఉండాలని మాత్రం చెప్పలేదు. సుమారు మూడడుగుల ఎత్తున్న ఒక తెలంగాణ వాసి తనకు తగినట్టు పెడళ్లు ఏర్పాటు చేయించుకొని కారు నేర్చుకొని, 2021లో హైదరాబాదులో లైసెన్సు సంపాదించిన వార్త మీరు చదివే ఉంటారు. మనిషిని యంత్రానికి తగినట్టు సాగదీయలేం. యంత్రాన్నే మనిషికి తగినట్టు అమర్చుకోవాలి.

ఇక మోటారు సైకిలు పందేల్లో స్పెయిన్ దేశస్థుడు డానీ పెద్రోసా ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు. అంటే నాకంటే రెండంగుళాలే ఎక్కువ. ఆయన 2003లో 125 సీసీ, 2004, 2005లలో 250 సీసీ తరగతుల్లో ప్రపంచ విజేత. ఆ పైన అతి పెద్ద బండ్ల తరగతిలో 31 పందేలు గెలిచాడు. పరుగులో అందరమూ ఒకే ఎత్తు అని నేనన్నది ఊరికే కాదు.

మనవరాలి పరీక్ష

మొదట చెబుతానన్న సంగతికి వస్తాను. రెండేళ్ల కిందట మా అక్క మనవరాలికి నిజామాబాదులో డిగ్రీలో సీటు వచ్చింది. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. పొద్దున బస్సు ఉంది, ప్రాక్టికల్సు అయ్యాక సాయంత్రం బస్సు కుదరడం లేదు. ఇంట్లో ఉన్నది ఒక పాత స్ప్లెండరు, మరో స్కూటరు కొనే స్తోమత లేదు. మా మేనల్లుడు నా దగ్గరికి వచ్చి, "మామా, పొట్టిపిల్ల. బండి ఆపలేదు. ఏడనన్న పడ్తే మాకెవ్వరు దిక్కు? ఈ ఏడు ఇంటికాన్నే ఉంచుదమనుకుంటున్న" అన్నాడు. వాడిది మూర్ఖత్వం కాదు, భయం. ఆ భయం మా అమ్మ కళ్లలో కూడా ఒకనాడు చూశాను. నలభై రోజులు గడువు అడిగాను.

పిల్లను ఊరి బడి మైదానానికి తీసుకుపోయాను. స్ప్లెండరు ఎక్కించి నిలబెట్టాను.

"తాతా, రెండు కాళ్లు అందుత లేవు."

"ఒక్కటి అందుతదా?"

నడుము జరిపి చూసుకుంది. "సగం పాదం ఆనింది."

"ఇగ చాలు."

మొదటి వారం ఇంజను వేయనివ్వలేదు. తాళం తీయకుండా బండిని తోయడం, తిప్పడం, స్టాండు వేయడం, తీయడం, ఇంతే. బండి బరువు ఎక్కడ ఉంటుందో చేతులకు తెలియాలి. రెండో వారం ఇంజను వేసి పది గజాలు పోవడం, ఆగడం. మైదానంలో సున్నంతో గీతలు గీసి, ఎడమ పాదం గీత మీద పడాలని నియమం పెట్టాను. రోజుకు యాభైసార్లు ఆపేది. మూడో వారం గతుకుల్లో, ఎగుడులో, దిగుడులో ఆపడం. ఎగుడులో వెనక బ్రేకు పట్టుకొని క్లచ్చి వదలడం చేతనైన రోజున ఆ పిల్ల ముఖం చూడవలసింది. ఆ తర్వాతే వేగం, ఆ తర్వాతే రోడ్డు. రెండుసార్లు పడింది, రెండుసార్లూ తనే లేపుకుంది. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను. అది నాకు కష్టమైన పాఠం. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పేటప్పుడు కాలు కింద పెట్టకూడదు. మా పిల్లకు అది సమస్యే కాలేదు. కాలు పెట్టకుండా ఉండడమే కదా, మనకు పుట్టుకతో అలవాటు.

కాలేజీ తెరిచాక ఒక సాయంత్రం నేను ఊరి బయట టీ హోటలు ముందు కూర్చొని ఉన్నాను. నిజామాబాదు వైపు నుంచి స్ప్లెండరు వస్తోంది, హెల్మెట్టు, వీపున పుస్తకాల సంచి. ముందు ఒక ట్రాక్టరు అడ్డం తిరుగుతూ ఆగింది. రోడ్డు ఎడమ పక్క పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. నా గుండె ఒక్క క్షణం నలభై ఏళ్లు వెనక్కి పోయింది.

బండి వేగం ముందే తగ్గింది. వడ్లు మొదలయ్యే చోటుకు రెండు గజాల ఇవతల, తారు మీద, అంచుకు గజం లోపల ఆగింది. ఎడమ పాదం ఆనింది. ట్రాక్టరు తప్పుకుంది. ఆ పిల్ల నన్ను చూడనే లేదు, గేరు వేసుకొని ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు తను బియస్సీ రెండో సంవత్సరం చదువుతోంది.